పాప ఫ్లాస్కులో జెల్సోలిన్

అమీబాకు కాళ్ళు లేవు, కండరాలు లేవు, ఎముకలు లేవు. అయినా అది కదులుతుంది. ఎట్లా కదులుతుందని డెబ్భైల చివర్లో, ఆదోని కాలేజీలో బీయస్సీ చదివే రోజుల్లో, క్లాసులో లేచి అడిగాను. జువాలజీ చెప్పే లెక్చరర్ మంచివారే. దాని ఒంట్లోని పదార్థం ఒకచోట పేరుకుని గట్టిగా ఉంటుంది, ఒకచోట కరిగి పలచగా ఉంటుంది, పలచబడిన వైపుకు ఒళ్ళు పారుతుంది, గట్టిదాన్ని జెల్ అనీ పలచదాన్ని సోల్ అనీ అంటారని చెప్పారు. అంతటితో కూర్చోకుండా, "గట్టిదాన్ని పలచగా చేసేది ఎవరు సార్?" అన్నాను. ఏది అనాల్సింది ఎవరు అన్నందుకు క్లాసంతా నవ్వింది. ఆయన బోర్డు తుడుస్తూ, "అది పరీక్షకు రాదులేమ్మా, కూర్చో" అన్నారు.

నిజంగానే పరీక్షకు రాలేదు. డిగ్రీ వచ్చింది, పెళ్ళయింది. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటికి కోడలినయ్యాను. మా ఆయనకు ఆదోనిలో బడిపంతులు ఉద్యోగం కాబట్టి కాపురం మళ్ళీ ఆదోనిలోనే. ఆ తర్వాత పాప పుట్టింది. పాప పుట్టాక నాకు బీయస్సీలో చదివినవాటిలో భయపెట్టేవి మాత్రమే గుర్తున్నాయి. నీళ్ళలో ఏముంటాయి, ఈగ కాళ్ళకు ఏమంటుకుంటాయి, పాలు ఎంతసేపటికి చెడిపోతాయి. ఇప్పుడు ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో కలం ఆపి పాప ఊపిరి వింటున్నాను. ఊపిరి బాగానే ఉంది. రాస్తాను.

ఎండాకాలం సెలవులకు మేము ఎమ్మిగనూరు పోతాం. అత్తగారింట్లో ముందు గదిలో నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంత, వెనక వసారా, వసారా పక్కన గంజి కాచే పొయ్యి. మా అత్త ఆ ఇంట్లో దేనికైనా సర్దుకుంటుంది గానీ గంజి విషయంలో సర్దుకోదు. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే నూలుకు, పెట్టే గంజి కుండ దగ్గరికి నోట్లో వక్కాకు ఉన్నవాళ్ళు రాకూడదు, తింటున్న చేత్తో తెడ్డు ముట్టుకోకూడదు. ఎంగిలి తగిలితే గంజి "అలుగుతుంది" అంటుంది. అలిగిన గంజి నూలుకు పట్టదట. ఆమె మడి గంజి దాకా పాకిందని నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

నేను మాత్రం తక్కువా? నాకొక ఫ్లాస్కు ఉంది. నీలం రంగుది, మూత మీద తెల్ల పువ్వు. అందులో పాపకు కాచి చల్లార్చిన నీళ్ళు. దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, మా ఆయనతో సహా. మా అత్త ఒకసారి దాని మూతలో మందు కలిపిందని నేను ఆ మూతను మళ్ళీ కాచాను. అప్పటినుంచి ఆమె దాన్ని "కోడలమ్మ గంజికుండ" అంటుంది.

పోయిన ఎండాకాలం మా ఆడబిడ్డ బెంగళూరు నుంచి వచ్చింది. మా ఆయనకు చెల్లెలు. అక్కడ పరిశోధన చేస్తోంది. బొంబాయి పోతూ, దారిలో ఆదోనిలో రైలు దిగి, బస్సెక్కి ఒకరోజు ఇంటికి వచ్చింది. పెట్టె ఒక చేతిలో. ఇంకో చేత్తో ఒక ఫ్లాస్కును చంటిబిడ్డను పట్టుకున్నట్లు గుండెకు ఆనించుకుని ఉంది.

"ఏమి తెచ్చినావే? బెంగళూరు కాఫీనా?" అని మా అత్త చెయ్యి చాచింది.

"ముట్టుకోవద్దు మా! దాంట్లో నా ఏడాది కష్టం ఉంది."

కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగి, పాపను ఎత్తుకోబోయి నా మొహం చూసి ఇంకోసారి చేతులు కడుక్కుని వచ్చింది. అప్పుడు అసలు సంగతి మొదలైంది.

"ఏం సదువుతాండావో ఇప్పుడన్నా సరిగ్గ సెప్పు. అడిగినోళ్ళకు సెప్పలేక సస్తాండాను" అంది మా అత్త.

"యాక్టిన్ మీద పని చేస్తాండాను మా."

"యాక్టింగా?"

"యాక్టిన్."

"అదే, యాక్టింగే." మా అత్త వీధి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మరి ఫ్లాస్కులో ఉండేది?"

"జెల్సోలిన్."

"జల్సాలా?"

గుంతలో, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె ఆడే చప్పుడు ఆగిపోయింది. మా మామ మగ్గం మీద తల ఆనించి నవ్వుతున్నాడు. మా అత్తకు నవ్వు రాలేదు. "నువ్వు నగుతాండావా? బెంగళూరులో యాక్టింగులు, బొంబాయిలో జల్సాలు. ఇంక ఈ పిల్లకు పెండ్లి యాడైతాదప్పా?"

మా ఆడబిడ్డ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, మగ్గం గుంత అంచున కూర్చుంది. నాన్నకు చెప్తే అమ్మకు చెప్పినట్లేనని ఆమె లెక్క.

"నాయినా, మన ఒంట్లో ప్రతి కణంలో సన్న పోగులుంటాయి. కంటికి కనపడవు. ఆ పోగు పేరు యాక్టిన్. పోగులు ఒకదానికొకటి అల్లుకుంటే కణం గట్టిగ నిలబడుతుంది. అదే దానికి ఎముకల గూడు మాదిరి."

"సరే."

"ఈ జెల్సోలిన్ ఆ పోగుల్ని తెంపుతుంది."

మా మామ నాడెను ఒళ్ళో పెట్టుకున్నాడు. "తెంపుతాదా?"

"తెంపి, తెగిన కొన మీద టోపీ పెట్టినట్ల కూర్చుంటాది. మళ్ళ అతుక్కోనీదు."

"మగ్గమోని ఇంట్లో పుట్టి, పోగులు తెంపేదాని మీద సదువుతాండావా? బాగుంది తల్లీ. దీనికి బెంగళూరు దాంక పోవల్నా? మీ యమ్మ కత్తెర ఈడనే ఉండె కదా."

"తెంపకుంటే కణం కదల్లేదు నాయినా. కట్టేసినట్లుంటాది. ఒకపక్క తెగాల, ఇంకోపక్క అల్లుకోవాల. అప్పుడే ముందుకు జరిగేది. గాయమైతే తెల్లకణాలు ఉరికేది గూడ అట్లనే."

"తెగిన ముక్కలు యాడికి పోతాయి?"

"యాడికీ పోవు. విడిపోయి, ఇంకోచోట మళ్ళ పోగైతాయి."

"అదే నూలా?"

"అదే నూలు."

మా మామ తన ముందున్న పడుగును చేత్తో నిమిరాడు. "అయితే దండగ ల్యాదు" అన్నాడు. ఆయనకు నచ్చిన విషయం అదొక్కటే అనుకుంటాను.

నేను పాప గౌన్లు మడత పెడుతున్నాను. గట్టిగా ఉన్నదాన్ని పలచగా చేసేది. అడగకుండా ఉండలేకపోయాను. "మ్మే, దానికి జెల్సోలిన్ అని పేరెందుకు పెట్టినారు?"

"జెల్‌ను సోల్ చేస్తుంది కాబట్టి వదినా. నీకు తెలిసే ఉంటుందే, అమీబా పాఠంలో వస్తాయి ఆ మాటలు."

తెలియక ఏం. నా చేతిలోని గౌను జారి కింద పడింది. పరీక్షకు రాని నా ప్రశ్నకు జవాబు, మగ్గం గదిలో, గోడ మూలన, ఫ్లాస్కులో ఉంది. పైగా దానికొక పేరుంది. ఎవరు అని అడిగినందుకు నవ్వినవాళ్ళంతా ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో!

ఆమె మూత తీసి చూపించింది. ఐసు ముక్కల మధ్య చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టాలు మూడు. మూతలు బిగించి, పైన మైనపు కాగితం లాంటిది చుట్టి ఉంది. లోపల నీళ్ళలాంటి ద్రవం. ఇంకేమీ లేదు. నాకు కొంచెం నిరాశగా కూడా అనిపించింది. గొట్టాలు ఐసు అడుగున నలిగిపోకుండా వాటిని మా మామ ఇచ్చిన నూలు పోగుతో ఒకదాని కింద ఒకటి కట్టి, పోగు కొసను ఫ్లాస్కు మెడకు చుట్టింది.

"ఇది మనిషి ప్రోటీన్ వదినా. కానీ ఏ మనిషి నుంచీ తీయలేదు."

"మనిషిదంటే ఎవురిది? ఎవురి రక్తమో ఇంట్ల్యాకి తెస్తివా?" అంది మా అత్త.

"ఎవరిదీ కాదు మా. దాన్ని ఎట్లా చేయాలో మన కణాల్లో జన్యువనే ఒక పాఠం ఉంటుంది. ఆ పాఠాన్ని ఒక్కదాన్నే తీసి బాక్టీరియాలో పెడతాం. బాక్టీరియా అది తన పాఠమే అనుకుని చేసి పెడుతుంది."

"కాకి గూట్లో కోయిల గుడ్డు" అన్నాడు మా మామ.

"ఆ, అంతే నాయినా. కాకులు మాత్రం కోట్లు."

నాకు ఆ క్షణం దాకా ఉన్న సంబరం ఒక్కసారిగా ఆరిపోయింది. "ఏ బాక్టీరియా?" అన్నాను. చెప్పింది. పేగుల్లో ఉండేదే. తాగే నీళ్ళలో అది ఉంటే ఆ నీళ్ళు తాగకూడదని నేను కాలేజీలో నేర్చుకున్నది దాని గురించే. పాప అప్పుడప్పుడే మోకాళ్ళ మీద పాకుతోంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది.

"బాక్టీరియాను పగలగొట్టి, వడగట్టి, శుభ్రం చేసి, దాన్నొక్కదాన్నే తీసినాం వదినా. దీంట్లో బతికుండేదేమీ లేదు. ఇది నీ ఒంట్లో ఉంది, పాప ఒంట్లో ఉంది."

తల ఊపాను. తల ఊపి, ఫ్లాస్కును పాపకు అందని గూట్లోకి ఎత్తి పెట్టించాను.

అసలు పని బొంబాయిలో ఉందట. అక్కడివాళ్ళు యాక్టిన్ పోగుల జావ చేసి సిద్ధంగా పెట్టారు. దాన్ని సన్నటి గాజు గొట్టంలో నింపి, పైనుంచి ఆవగింజ కంటే చిన్న ఉక్కు గుండు వేస్తారు. పోగులు అల్లుకుని ఉంటే గుండు దిగదు, పైనే ఆగుతుంది. ఈమె తీసుకుపోయినదాన్ని ఒక చుక్క కలిపితే పోగులు తెగి గుండు దిగాలి. దిగితే, బాక్టీరియా చేసిన మనిషి ప్రోటీన్ మనిషి చేసినదానిలాగే పనిచేస్తుందని తేలినట్లు. దిగకపోతే ఏడాది కష్టం నీళ్ళపాలు, ఆ పనిని ఆమె గురువు ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

"అంతవరకు చల్లగ ఉండాల. ఐసు కరిగితే నీళ్ళు వంపి కొత్త ఐసు వెయ్యాల. అంతే" అంది. ఆ "అంతే" దగ్గర ఇంకొక మాట చెప్పి ఉంటే బాగుండేది. ఐసులో ఉండాలి గానీ ఐసు కాకూడదని.

మర్నాడు పొద్దున రైలు. రిజర్వేషను ఖాయమైందో లేదో చూసుకోవడానికి ఆమె మధ్యాహ్నం బస్సులో ఆదోని పోయింది. మా ఆయన తోడు వెళ్ళారు. మా మామ భోజనం చేసి అరుగు మీద పడుకున్నాడు. పాప నిద్రలో ఉంది. ఎండ నిప్పులు చెరుగుతోంది.

కొంతసేపటికి ఐసు నీళ్ళు వంపుదామని నేను గూట్లోంచి ఫ్లాస్కు తీశాను. చేతికి కొంగు చుట్టుకునే తీశాను, అబద్ధం ఎందుకు. మూత తిప్పితే చేతికి గరగరమంది. చూస్తే రాళ్ళుప్పు.

"అత్తా, దీంట్లో ఉప్పెట్ల పడింది?"

"నేనే ఏసినా" అంది మా అత్త బియ్యం చెరుగుతూ, సంతోషంగా. "ఐసుఫ్రూటాయప్ప వచ్చింటే అడిగినా. ఈ ఎండకు నీ డబ్బాలో ఐసు ఎట్ల నిలుస్తాదప్పా అంటే, ఉప్పు బాగా ఎయ్యి తల్లీ, రాయి మాదిరి ఐతాది అన్యాడు. పాపం పిల్ల, ఏడాది కష్టం అంటాంది కదా. గంటకోతూరి నీళ్ళు వంపే పని ల్యాకుండ, పిడికెడు ఏసినా."

ఐసుఫ్రూటు అమ్మే అతను చెప్పింది అక్షరాలా నిజం. అతనికి కావలసింది డబ్బాలోనిది గడ్డకట్టడం. ఐసులో ఉప్పు కలిపితే అది మామూలు ఐసు కంటే ఇంకా చల్లబడుతుందని మేము కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో చేసి చూశాం. థర్మామీటరులో పాదరసం సున్నా దాటి కిందికి జారిపోతుంటే చప్పట్లు కొట్టాం.

పోగు పట్టుకుని పైకి లాగాను. మొదటి గొట్టంలో ద్రవం కదిలింది. రెండోదానిలో కదిలింది. అడుగున ఉన్న మూడోది తెల్లగా, గట్టిగా, సుద్దముక్కలా ఉంది.

అత్తకు ఏం చెప్పానో గుర్తులేదు. ఆమె చేట కింద పెట్టేసిందని మాత్రం గుర్తుంది. గొట్టాలను కుండలోని చల్లనీళ్ళు పోసిన చెంబులో వేశాను. ఫ్లాస్కులోని ఐసును గిన్నెలోకి వంపి, ఉప్పు పోయేలా కడిగాను. ఇంక ఫ్లాస్కునూ కడిగి అందులోనే పెట్టేద్దామని కుండ నీళ్ళు పోశాను. లోపల టప్ మంది. అంతసేపు ఉప్పు చలిలో ఉన్న గాజు, నీళ్ళు తగలగానే పగిలింది. ఊపితే గలగలమంది.

చెంబులో నీళ్ళు అప్పుడే వెచ్చబడుతున్నాయి. ఆ వీధిలో ఎవరింట్లోనూ ఫ్రిజ్ లేదు. మా అత్త నా మొహం చూసింది, తర్వాత వసారా గూటి వైపు చూసింది. అక్కడ నీలం ఫ్లాస్కు, మూత మీద తెల్ల పువ్వు. అడిగి ఉంటే నేను కాదనేదాన్నేమో. ఆమె అడగకుండా చూపు తిప్పేసుకుంది. అది చూసి నేనే లేచాను.

పాప నీళ్ళు పారబోశాను. కడిగిన ఐసు ముక్కలు వేసి, పైన కాస్త మంచినీళ్ళు పోసి, మూడు గొట్టాలనూ దించి మూత పెట్టాను. బాక్టీరియా కడుపున పుట్టిన దాన్ని నా బిడ్డ తాగే ఫ్లాస్కులో. మూతను రెండుసార్లు బిగించాను. కానీ నా భయం పక్కన ఇంకొకటి కూడా ఉంది, అది రాయకపోతే ఈ రాత అసంపూర్ణం. ఆ గుండు దిగుతుందో లేదో నాకు తెలియాలి. నా ఆడబిడ్డ కోసం మాత్రమే కాదు. నాకు తెలియాలి.

పాపను మా అత్త ఒళ్ళో పెట్టి, సోడా అంగడికి పోయి ఇంకొంత ఐసు తెచ్చాను. ఉప్పు తగలని ఐసు కావాలంటే అంగడాయన, "ఐసులో ఉప్పెందుకుంటాది మా?" అని నా వైపు వింతగా చూశాడు.

సాయంత్రం మా ఆడబిడ్డ వచ్చి, విని, నీలం ఫ్లాస్కు తెరిచి, ఒక్కో గొట్టాన్నీ వెలుతురుకు పట్టి చూసింది. మూడోది అప్పటికి కరిగింది. కానీ లోపల విరిగిన పాలలాగా సన్న తరకలు తేలుతున్నాయి.

"ఇది పోయింది" అంది.

"మిగతావి?" అన్నాను.

"ఏమో వదినా. చూస్తే తెలీదు. గుండు దిగితేనే తెలుస్తుంది."

మా అత్త వంటింటి గడపలో నిలబడి ఉంది. తిడితే బాగుండునన్నట్లు ఉంది ఆమె నిలబడిన తీరు. కూతురు తిట్టలేదు, ఓదార్చనూ లేదు. పాపను ఎత్తుకుని మగ్గం గుంత దగ్గర కూర్చుని, తండ్రి నేస్తుంటే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి మా మామ, "బొంబాయిలో ఉప్పు ఎయ్యనీయొద్దమ్మా ఎవుర్నీ" అన్నాడు. అప్పుడు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

తెల్లవారి నీలం ఫ్లాస్కు బొంబాయి రైలెక్కింది.

ఆ తర్వాతి రోజులు నేను ఆదోనికి తిరిగి వచ్చేసి, పాపకు గిన్నెలో నీళ్ళు కాచి గుడ్డ కప్పి పెట్టుకుంటూ గడిపాను. ఉండుండి ఒక ఆలోచన వచ్చేది. పాప కింద పడి మోచెయ్యి గీరుకుంటే అక్కడికి తెల్లకణాలు పోగులు తెంపుకుంటూ, అల్లుకుంటూ పరిగెత్తుతుంటాయి కదా అని. గాయానికి పసుపు పెడుతూ ఆ చోటనే చూస్తూ ఉండేదాన్ని. ఏమీ కనపడేది కాదు. ఎమ్మిగనూరు నుంచి వచ్చేవాళ్ళతో మా అత్త ఒకటే చెప్పి పంపేది. గుండు దిగినాదేమో కనుక్కోమని. ఆ మాట మోసుకొచ్చిన ఒక పెద్దాయన, "ఎవురికమ్మా గుండు? ఏ క్షేత్రంలో?" అని అడిగాడు.

వానలు మొదలయ్యే ముందు ఆడబిడ్డ తిరిగి వచ్చింది. ఆదోనిలో దిగి మమ్మల్నీ వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు పోయింది. దారి పొడుగునా ఎంత అడిగినా ఫలితం చెప్పలేదు. అమ్మ ముందే చెప్తానంది. ఇంట్లో అడుగు పెట్టగానే మా అత్త చేతిలోని నూలు చుట్టిన కండెలు అట్లాగే పట్టుకుని నిలబడింది.

"దిగినాదా?"

"దిగింది మా. రెండు గొట్టాలతోనూ దిగింది."

మా అత్త కండెలు కింద పెట్టి, ఉరుకుంద ఈరన్న స్వామికి మూడు కత్తెర్లు జుట్టిస్తానని మొక్కుకున్నానని చెప్పింది. "గుండు దిగితే గుండే కొట్టిచ్చుకోవల్ల గానీ, మూడు కత్తెర్లేంది పిసినారి?" అని మా మామ గుంతలోంచి అందుకున్నాడు.

"మూడోదానితో?" అంది మా అత్త ఆయన్ను పట్టించుకోకుండా.

"మూడోదాన్నీ వేసి చూసినాం. దిగలేదు. గుండు పైనే ఉండిపోయింది."

"ఉప్పు ఎయ్యకుంటే దిగునా?"

మా ఆడబిడ్డ అబద్ధం చెప్పే మనిషి కాదు. "దిగును మా. అది లేక ఒక పని మిగిలిపోయింది. మళ్ళ బాక్టీరియా పెంచాల."

మా అత్త తల ఊపింది. "ఆ దిగేది నాకు సూపిస్తావా?" అని అడిగింది. ఆమె తన కూతురి చదువు గురించి అట్లా అడగడం నేను వినడం అదే మొదటిసారి.

చూపించడానికి ఆ ఇంట్లో యాక్టిన్ ఎక్కడుంది? మా ఆడబిడ్డ ఇల్లంతా తిరిగి, పొయ్యి దగ్గర ఆగింది. పొద్దున పడుగుకు కాచిన గంజి అడుగున మిగిలి ఉంది. చిక్కగా, గోరువెచ్చగా. దాన్ని రెండు గాజు గ్లాసుల్లోకి తీసింది. మా మామ సైకిల్ బేరింగు గుండ్లు రెండు వెతికిచ్చాడు. ఒక్కో గ్లాసులో ఒకటి వేస్తే, రెండూ గంజి మీద కాస్త గుంత చేసుకుని కూర్చున్నాయి.

"ఇప్పుడు దీంట్లో ఎంగిలి వెయ్యాల" అంది.

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గంజిలోనా?"

"వేరే తీసిన గంజి కదా మా. నూలుకు పెట్టేది కాదు."

"ఎవురి ఎంగిలి?"

ఆ ఇంట్లో ఎవరమూ ఆ పని చేయగలిగేవాళ్ళం కాదు. అప్పుడు మా అత్తే తేల్చింది. "చంటిపిల్లది ఎంగిలి కాదు" అంది. పాపకు పళ్ళు వస్తున్నాయి, జొల్లు ధారగా కారుతోంది. నేను స్పూను కాచి తెచ్చాను. పాప గడ్డం కింద పట్టాను. మా ఆడబిడ్డ గుండ్లు రెండూ బయటికి తీసి, స్పూనులోని జొల్లును ఒక గ్లాసులో వేసి, పుల్లతో మెల్లగా కలిపి, మళ్ళీ గుండును పైన పెట్టింది. రెండో గ్లాసును ఊరికే అన్నే తిప్పులు తిప్పి, దానిలోనూ గుండు పెట్టింది.

కాసేపు ఏమీ జరగలేదు. మా మామ బీడీ తీసి, గంజి గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పాప గ్లాసులో గంజి మెరుపు మారింది. గుండు ఒక పక్కకు ఒరిగింది. మునిగింది. ఎవరో తోసినట్లు కాదు, దాని కింద నేల లేకుండా పోయినట్లు. గ్లాసు అడుగున టిక్ మని చప్పుడైంది. రెండో గ్లాసులో గుండు అట్లాగే కూర్చుని ఉంది.

"అలిగింది!" అంది మా అత్త. తర్వాత ఇంకోసారి, మెల్లగా, "అలగడమంటే ఇదా" అంది.

"ఇది జెల్సోలిన్ కాదు మా. మన జొల్లులో వేరే ప్రోటీన్ ఉంది. గంజిలోని పొడుగు పోగుల్ని అది తెంపుతుంది. పని ఒకటే మాదిరి, తెంపే పోగు వేరు."

"నాకెట్ల తెలుస్తాది? మా యత్త సెప్పె, నేను పాటించితి" అంది మా అత్త. గ్లాసు ఎత్తి అడుగున ఉన్న గుండును చాలాసేపు చూసింది. నేనూ ఆమె భుజం మీదుగా చూశాను. ఇన్నేళ్ళూ నేను మడి అనుకుని నవ్వుకున్నదీ, నా అమీబా ప్రశ్నా ఒకే గ్లాసు అడుగున పడి ఉన్నాయి. ఇది కూడా ఎవరికీ పరీక్షకు రాదు.

నీలం ఫ్లాస్కు ఆమె పెట్టెలోనే ఉంది. శుభ్రంగా కడిగి తెచ్చింది. "దీన్ని పాపకు వాడొద్దులే వదినా, నీకు మనసొప్పదు. కొత్తది కొనిస్తా" అంది. తీసుకుని గూట్లో పెట్టాను. మర్నాడు మా ఆయనతో అది కూడా సంచిలో ఆదోనికి వచ్చింది. వాడలేక, పారేయలేక, చాలా రోజులు బియ్యం డబ్బా వెనక ఉంచాను.

మొన్న పాప లేచి నిలబడింది. మంచం పట్టీ పట్టుకుని, ఒక చేత్తో డబ్బా వెనక నుంచి ఆ ఫ్లాస్కును లాగి, మూత మీది తెల్ల పువ్వును చప్పరించడం మొదలుపెట్టింది. నేను అరవబోయి ఆగాను. అరవకపోవడం నాకు కొత్త. మూత మీద జొల్లు కారుతోంది. తెంపేవన్నీ దాని నోట్లోనే ఉన్నాయి, అల్లేవన్నీ దాని ఒంట్లోనే ఉన్నాయి. నిలబడిన ఆ కాళ్ళలో ఎన్ని తెగుతున్నాయో, ఎన్ని అల్లుకుంటున్నాయో.

ఫ్లాస్కును తీసుకుని మరిగే నీళ్ళతో కడిగాను. ఒకసారి సరిపోదని ఇంకోసారి కడిగాను, ఎంతైనా నేను నేనే. ఇప్పుడది పాప తలాపున, కాచిన నీళ్ళతో ఉంది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా అత్త పొద్దున దాన్ని చూసి, "కోడలమ్మా, జల్సా ఫ్లాస్కు మళ్ళ పనిలోకి దింపినావా?" అంది.

దింపాను అత్తా అన్నాను.